పూడికతీత ఎస్టిమేటులో ఒక్క వాక్యం

రిటైరైన ఇంజనీర్లు, డాక్టర్లు, లెక్చరర్లు కలిసి కమిటీ వేసుకున్నామని, నాటు చేపలను కాపాడటానికి ఏం చేయగలమని మీరు అడిగారు. ఆత్మకూరు దగ్గర అలాంటి కమిటీలోనే ఆరేళ్ళుగా ఉన్నాను. అంతకుముందు ముప్పై ఏళ్ళు జంతుశాస్త్రం చెప్పాను. నన్నడిగితే, మీ వృత్తి ఏదైతే దానితోనే సాయపడండి. పోస్టర్లు మానేయండి.

మేమూ రెండేళ్ళు పోస్టర్లే వేశాం. మూడో ఏడు మే నెలలో ఒక చెరువు పూడిక తీస్తున్నారంటే వెళ్ళాం. మధ్యలో మోకాలి లోతు మడుగు ఒక్కటే మిగిలింది. పొక్లెయిన్ దాన్నీ తవ్వేస్తోంది. బురదతో పాటు కొర్రమీనులు, మట్టగిడిసలు, మార్పు చేపలు ట్రాక్టరులో పడి కొట్టుకుంటున్నాయి. ఆ చెరువులోనే వల వేసి బతికిన పెద్దాయన గట్టు మీద నిలబడి, "అయ్యా, నీళ్ళు ఇంకినా వీటికి తడి బురద ఉంటే చాలు, వాన పడేదాకా ఉంటాయి. ఆ బురదనే ఎత్తుకుపోతున్నారు" అన్నాడు. ఇవి గాలి పీల్చే చేపలని తరగతిలో ఎన్నిసార్లు చెప్పానో! మడుగే లేకపోతే ఆ గుణం వాటికి దేనికని ఒక్కసారీ ఆలోచించలేదు.

మాలో నీటిపారుదల శాఖలో పనిచేసిన ఇంజనీరు ఒకాయన ఉన్నారు. పక్క ఊరి చెరువు ఎస్టిమేటులో, లోతైన చోట మడుగును కదపకూడదని ఆయన పట్టుబట్టి ఒక్క వాక్యం రాయించారు. తొలకరి తర్వాత అక్కడ కొర్రమీను పిల్లలు ఎర్రగా గుంపు కట్టి తిరగడం, కింద తల్లిదండ్రులు కాపలా కాయడం కళ్ళారా చూశాను.

డాక్టర్లకు వేరే పని ఉంది. దోమ పిల్లలను తింటుందని చెరువుల్లో గంబూసియా అనే విదేశీ చేపను వదలడం నాకు ఒళ్ళు మండే విషయం. అది మన చిన్న చేపల గుడ్లనూ పిల్లలనూ తింటుంది. నేను చెబితే ఎవరూ వినలేదు. డాక్టరు చెబితే వింటారు.

లెక్చరర్లు మీ చెరువుల్లోని చేపల జాబితా రాయాలి. అమెరికన్ ఫిషరీస్ సొసైటీ కమిటీ ఉత్తర అమెరికాలో ముప్పులో ఉన్న చేపలను 1979లో 251 రకాలుగా లెక్క తేల్చింది. 1989లో అవి 364, 2008లో 700. పాత లెక్క ఉండబట్టే నష్టం ఎంత పెరిగిందో తెలిసింది. మనకు 2002 జీవవైవిధ్య చట్టం కింద పంచాయతీ స్థాయిలో, ఊరి జీవజాలాన్ని నమోదు చేసే ప్రజా జీవవైవిధ్య రిజిస్టరు ఉండాలి. మా ఊరి రిజిస్టరులో చేపల పేజీని ఆ పెద్దాయన పక్కన కూర్చుని చెబుతుంటే నేను రాశాను. మీ కమిటీలోనూ ముందు అలాంటి ఒకరికి చోటివ్వండి.