మండే ఖడ్గం దాటి లోపలికి: తొలి క్వేకర్ల ప్రతీకలు

బైబిలు ఘటనలు మనిషి లోపల జరుగుతాయని తొలి క్వేకర్లు (17వ శతాబ్దపు ఇంగ్లండులో పుట్టిన ఒక క్రైస్తవ సమాజం వాళ్లు) ఎందుకన్నారు, మిగతా ప్రొటెస్టంట్లతో తేడా ఎక్కడొచ్చింది అని అడిగారు.

ఒక్క ఉదాహరణ చూడండి. ఆదాము హవ్వలను వెళ్లగొట్టాక ఏదెను తోటలోని జీవవృక్షం దారికి దేవుడు మండే ఖడ్గాన్ని కాపలా పెట్టాడని ఆదికాండం చెబుతుంది. 1648లో తాను ఆత్మలో ఆ ఖడ్గాన్ని దాటి పరదైసులోకి, అంటే దేవుడి తోటలోకి, వెళ్లానని క్వేకర్ సమాజాన్ని మొదలుపెట్టిన జార్జ్ ఫాక్స్ తన ఆత్మకథలో చెప్పాడు. అప్పుడు సృష్టి అంతటికీ కొత్త వాసన వచ్చిందట. నన్ను బాగా కదిలించేది ఆ వాసన మాటే. సిద్ధాంతం అల్లేవాడికి అది తట్టదు, అనుభవించినవాడికే తడుతుంది. పాపంలో పడకముందు ఆదాము ఉన్న స్థితికి ఈ బతుకులోనే చేరవచ్చన్నది ఫాక్స్ సాక్ష్యం.

ప్యూరిటన్లకు, అంటే ఇంగ్లండు చర్చిని ఇంకా శుద్ధి చేయాలన్న ప్రొటెస్టంట్లకు, మింగుడుపడనిది సరిగ్గా ఇదే. చచ్చేదాకా పాపం పూర్తిగా వదలదనీ, క్రీస్తు నీతి విశ్వాసి లెక్కలో జమ అవుతుందనీ వాళ్ల నమ్మకం. ప్యూరిటన్ భావాలున్న జాన్ బన్యన్ రాసిన, తెలుగులో చాలామంది చదివిన 'యాత్రికుని ప్రయాణం' (1678) గుర్తుచేసుకోండి. యాత్రికుడి చేతిలో పుస్తకం, అంటే బైబిలు, ఉంటుంది. వీపు మీది పాపపు మూట సిలువ దగ్గర జారిపోతుంది, అయినా చావు అనే చివరి నది దాటేదాకా పోరాటం తప్పదు. క్వేకర్లకు మాత్రం మొదటి దారిచూపు పుస్తకం కాదు, ప్రతి మనిషిలోనూ ఉన్న క్రీస్తు వెలుగు.

ఈ బన్యన్ 1656లోనే క్వేకర్లను ఖండిస్తూ పుస్తకం వేశాడు. లోపలి క్రీస్తు పేరుతో యెరూషలేము దగ్గర చనిపోయిన క్రీస్తును పక్కన పెడుతున్నారన్నది అతని బాధ. ఎడ్వర్డ్ బరో అనే యువ క్వేకర్ దానికి జవాబు రాశాడు. క్వేకర్లు సిలువను కాదనలేదు. అది నీలోనూ జరగాలన్నారు.