తాత జీపు బాగుచేయించాలా, ఇనుముకి ఇచ్చేయాలా?

మీ బండి – మా మాట (పాఠకుల ప్రశ్నలకి జవాబులు)

ప్రశ్న: మాస్టారూ నమస్కారం. మాది బొబ్బిలి దగ్గర పల్లెటూరు. మా తాతగారి మహీంద్రా ఎమ్మెమ్ 540 జీపు ఉంది, 1992 మోడల్, ఏపీ 35 బండి. ఆయన పోయిన దగ్గర్నుంచి పశువుల సాల పక్కన రేకుల కింద అలాగే ఉండిపోయింది, ఏడెనిమిదేళ్లు అయిపోయుంటాది. మెకానిక్‌ని పిలిస్తే చుట్టూ తిరిగి చూసి మూడు లక్షలు అవుతాది, పాత ఇంజన్ తీసీసి డీఐ (డైరెక్ట్ ఇంజెక్షన్ డీజిల్) ఇంజన్ వేసేద్దాం అన్నాడు. మా చిన్నాన్న పాత ఇనుముకి ఇచ్చీమంటున్నారు. మా అమ్మేమో ఆ డబ్బుకి ఇంకొంచెం కలిపి సెకండ్ హ్యాండ్ థార్ కొనుక్కోమంటాది. నాకు మాత్రం ఆ జీపు వదలబుద్ధి కావట్లేదు. ఏం చెయ్యమంటారు?
– ఒక పాఠకుడు, బొబ్బిలి

జవాబు: తమ్ముడూ, ఆ మూడు లక్షల మాట, ఇంజన్ మాట కాసేపు పక్కనపెట్టు. ఇలాంటి బండి బాగుచేయించాలా వద్దా అన్నది తేల్చేవి రెండే, ఒకటి కింద చాసీ, అంటే బండి మొత్తాన్ని మోసే ఇనుప చట్రం, రెండోది బీరువాలో సీ బుక్కు, అంటే రిజిస్ట్రేషన్ కాయితం. ఇంజన్ పట్టేసినా, గేర్‌బాక్స్ పోయినా, సీట్లు ఎలకలు కొట్టేసినా డబ్బు పెడితే అన్నీ దొరుకుతాయి. చాసీని తుప్పు తినేసినా, కాయితాలు సరిగ్గా లేకపోయినా ఎంత పోసినా అది రోడ్డెక్కదు. చుట్టూ తిరిగి చూసి రేటు చెప్పీసిన మెకానిక్ కిందకి దూరి చూశాడా లేదా, ముందు ఆ సంగతి అడుగు.

పశువుల సాల పక్కన అన్నావు చూడు, నాకు భయం అక్కడే. పేడ, మూత్రం తడి, కింద నేల చెమ్మ, ఇవి ఎన్నాళ్లో తగిలిన ఇనుము పైకి బాగానే కనిపిస్తూ లోపల పొరలు పొరలుగా ఊడిపోతుంటాది. ఒక ఆదివారం బండిని బయటకి లాగించి, జాకీ ఒక్కదాన్నే నమ్ముకోకుండా గట్టి స్టాండ్లు పెట్టి, కిందకి దూరు. పేరుకున్న మట్టంతా వైర్ బ్రష్‌తో గీకీసి చిన్న సుత్తితో చాసీ పొడుగునా కొట్టుకుంటూ వెళ్లు. మంచి ఇనుము ఖంగుమంటాది, తుప్పు తిన్నది డొల్లగా మోగుతాది, అలా మోగిన చోట స్క్రూడ్రైవర్ మొన పెట్టి నొక్కితే లోపలికి దిగిపోతాది. వెనక కమాన్ కట్టలు వేలాడే బ్రాకెట్లు, వెనక చివర అడ్డంగా ఉండే బద్దె, బాడీ బోల్టులు కూర్చునే చోట్లు, ముందు స్టీరింగ్ బాక్స్ బిగించిన చోటు, ఈ నాలుగూ మాత్రం రెండేసి సార్లు చూడు, ఎందుకంటే రెండు రేకులు కలిసే దగ్గరే మట్టి దాక్కుంటాది, తడి ఆరదు.

ఒకటి రెండు చోట్ల తిన్నాదనుకో, కోసీసి మందం రేకు వేసి వెల్డింగ్ చేయించొచ్చు, మీకు సాలూరు ఎంతో దూరం కాదు, అక్కడ లారీ బాడీలు కట్టేవాళ్ల చేతికి ఇది తెలిసిన పనే. కానీ కమాన్ బ్రాకెట్ల దగ్గర రెండు వైపులా, స్టీరింగ్ బాక్స్ దగ్గర కూడా తినేసుంటే మాత్రం వదిలీ బాబూ. పాచిపెంట అవతల సుంకి ఘాట్ రోడ్డు దిగుతున్నప్పుడు ఆ బ్రాకెట్ ఊడిందంటే పక్కన కూర్చున్నవాళ్ల ప్రాణం మీదకొస్తాది. తాతగారి మీద ప్రేమ ఎంతున్నా ఇది మాత్రం చూడాల్సిందే.

ఇక కాయితాలు. చాసీ మీద కొట్టిన నంబరు గుడ్డతో తుడిచి, సీ బుక్కులో నంబరు పక్కన పెట్టి ఒక్కో అంకె సరిచూసుకో. తుప్పుకి నంబరు చెరిగిపోయుంటే మళ్లీ కొట్టించడానికి ఆర్టీవో పర్మిషన్ కావాలి, అంతేగాని ఎవరో షెడ్డులో కొట్టేస్తామంటే ఒప్పుకోకు, కేసవుతాది. తాతగారు పోయారు కాబట్టి బండి వారసుల పేరుకి మారాలి, దానికి ఫారం 31, డెత్ సర్టిఫికెట్, ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్, మిగతా వారసుల సమ్మతి అడుగుతారు. అంటే ఇనుముకి ఇచ్చీమంటున్న మీ చిన్నాన్నగారి సంతకం కూడా నీకు కావాలన్నమాట! అందుకే ఒక్క బోల్టు విప్పకముందే ఆయన్ని కూర్చోబెట్టి మాట్లాడు, నువ్వు ఖర్చు పెట్టీసాక బండి నాది కూడా అంటే ఇంట్లో మనస్పర్థలు వస్తాయి. సొంత బండికి రిజిస్ట్రేషన్ 15 ఏళ్లు, ఆ తర్వాత ఐదేళ్లకోసారి ఫారం 25తో రెన్యువల్, బ్రేక్ ఇన్‌స్పెక్టర్ (ఆర్టీవో ఆఫీసు వెహికల్ ఇన్‌స్పెక్టర్) బండి చూసి పాస్ చెయ్యాలి, గ్రీన్ ట్యాక్స్ కట్టాలి. 20 ఏళ్లు దాటిన కార్లకీ జీపులకీ రెన్యువల్ ఫీజు 2025లో 10,000 రూపాయలు చేశారు, గడువు దాటినందుకు లేట్ ఫీజు వేరే. మీ విజయనగరం ఆర్టీవో ఆఫీసుకెళ్లి ఈ నంబరు మీద ఏమేం బాకీలున్నాయో ముందే అడిగీ.

చాసీ బాగుంది, కాయితాలు అవుతాయి అని తేలాక అప్పుడు ఇంజన్ దగ్గరకి రా. మీ బండిలో ఉండాల్సింది ప్యూజో ఎక్స్‌డీపీ 4.90, 2112 సీసీ డీజిల్, 62 హార్స్ పవర్. చిన్న ఇంజనే, స్పీడు ఉండదు, కానీ లో గేరులో పెట్టి పొలం గట్టు ఎక్కిస్తే ఎంత ఓపిగ్గా లాగుతాదో తోలినవాడికి తెలుస్తాది. ఎవరెంత తొందరపెట్టినా కొత్త బ్యాటరీ తెచ్చి సెల్ఫ్ మాత్రం కొట్టకు. ఇన్నేళ్లు ఆగిన ఇంజన్‌లో రింగులు సిలిండర్‌కి పట్టేసుంటాయి, ఒక్కసారి బలంగా తిప్పితే విరిగిపోతాయి. హీటర్ ప్లగ్గులు తీసీసి ఒక్కో సిలిండర్‌లో కొంచెం ఆయిల్ పోసి రెండు మూడు రోజులు అలా వదిలీ, తర్వాత న్యూట్రల్‌లో పెట్టి ముందు పుల్లీ నట్టుకి స్పానర్ వేసి చేత్తో మెల్లగా తిప్పు. తిరిగిందా, సగం గెలిచినట్టే. కింద ఆయిల్ దించి చూడు, మజ్జిగ రంగులో ఉంటే లోపలికి నీళ్లు వెళ్లాయని. ట్యాంకులో పాత డీజిల్ అంతా పారబోసి, ట్యాంకు దించి కడిగించి, ఫిల్టర్లు మార్చి, డీజిల్ పంపు మాత్రం పంపు షాపులో బెంచి మీద పెట్టించి చూపించు. ఇదంతా అయ్యాకే సెల్ఫ్.

అసలు దీనికంటే ముందు బ్రేకులు. ఆ జీపుకి నాలుగు వైపులా డ్రమ్ములే, చక్రం సిలిండర్లు పట్టేసుంటాయి, మాస్టర్ సిలిండర్ రబ్బర్లు గట్టిపడిపోయుంటాయి, హోసులు ఎండిపోయి పగిలుంటాయి. అన్నీ మార్చెయ్, మిగుల్చుకోవాల్సిన చోటు కాదది. టైర్లు నిగనిగలాడుతున్నా పక్కన నాలుగంకెల కోడ్ చూడు, 1215 అంటే 2015లో 12వ వారం తయారైంది అని, అలాంటివాటి మీద హైవే ఎక్కొద్దు. ఫోర్‌వీల్ లీవరు, లో గేరు లీవరు పడుతున్నాయో లేదో, ముందు యాక్సిల్ హౌసింగ్‌లో ఆయిల్ ఉందో నీళ్లున్నాయో కూడా చూసీ.

డీఐ ఇంజన్ సంగతి చెప్తాను విను. అది గట్టి ఇంజనే, సామాన్లు సులువుగా దొరుకుతాయి, మెకానిక్ ఊరికే అనలేదు. కానీ ఇంజన్ మారిస్తే సీ బుక్కులో నంబరు మారాలి, దానికి ముందే ఆర్టీవో అనుమతి తీసుకోవాలి, కంపెనీ ఇచ్చిన వివరాలకి విరుద్ధంగా బండి మార్చకూడదని 2019లో సుప్రీంకోర్టు కూడా గట్టిగానే చెప్పింది. నా మాటైతే ఉన్న ఇంజనే విప్పించి చూడు. స్లీవులు, పిస్టన్లు, రింగులు, బేరింగులతో సరిపోతే అదే ఉంచు. బ్లాకో క్రాంకో పగిలితే అప్పుడు ఆలోచిద్దువుగాని. పెద్ద టైర్లు, లైట్ల పట్టీలు, ఇనుప బంపర్లు అసలొద్దు, తాతగారి బండి తాతగారి బండిలాగే ఉండనీ.

అమ్మగారి మాట కూడా తీసిపారెయ్యొద్దు. రోజూ విజయనగరం ఉద్యోగానికి వెళ్లొచ్చే బండి కావాలంటే ఆవిడ చెప్పిందే కరెక్టు, థార్ తీసుకో, ఎందుకంటే ఎంత బాగుచేసినా ఈ జీపులో పవర్ స్టీరింగ్, ఏసీ ఉండవు, రోజూ తోలితే నడుం పడిపోతాది. అలా కాకుండా తోటకీ పొలానికీ, పండక్కి పిల్లల్ని ఎక్కించుకుని తిరగడానికీ అయితే, వారానికోసారైనా నువ్వే స్వయంగా స్టార్ట్ చేసి తోలతానంటే, చాసీ ఖంగుమంటే, చిన్నాన్న సంతకం పెడితే, చేయించు. డబ్బు ఒకేసారి పొయ్యకు. ముందు బ్రేకులు, ఇంజన్, స్టీరింగ్, పాసింగ్, ఆ తర్వాత వైరింగ్, రంగు అన్నిటికన్నా చివర. చాలామంది రంగుతో మొదలెట్టి డబ్బయిపోయి మెరిసే బండిని మళ్లీ రేకుల కిందే పెడుతున్నారు, చూస్తే బాధేస్తాది.

ప్రశ్న: సార్, మాది కవిటి. 1998 మారుతి జిప్సీ, 2018 తిత్లీ తుఫానుకి షెడ్డు పడిపోయిన దగ్గర్నుంచి కొబ్బరితోటలోనే ఉంది. ఇంజన్ ఈమధ్యే స్టార్ట్ అయింది! పెయింటర్ పుట్టీ పెట్టి కొత్తబండిలా చేసిస్తానంటున్నాడు. ఇచ్చీమంటారా?
– ఉద్దానం పాఠకుడు

జవాబు: ఇవ్వొద్దు బాబూ, ఇప్పుడప్పుడే వద్దు. ఇంజన్ స్టార్ట్ అయిందంటే సంతోషమే, ఆ 1298 సీసీ పెట్రోల్ ఇంజన్ అంత తేలిగ్గా పోయే రకం కాదు. మీ దగ్గర బండిని చంపేది ఉప్పుగాలి. జిప్సీ చాసీ గొట్టంలా మూసి ఉంటాది, అందులోకి తడి వెళ్తే లోపల్నుంచి తినుకుంటూ వస్తాది, బయట నల్లరంగు మాత్రం చెక్కుచెదరదు. కాబట్టి బయట చూసి మురిసిపోకుండా చాసీకి ఉన్న కన్నాల్లోంచి టార్చి వేసి చూడు, పలచటి పుల్లతో గీకితే తుప్పు పెచ్చులు గుప్పెళ్లుగా రాలుతున్నాయంటే బాడీ పైకెత్తించి చూపించాల్సిందే. లోపల మ్యాట్లు పీకీసి అడుగు రేకులు, వెనక చక్రాల పైన గుండ్రటి రేకు చూడు. తుప్పు మీద పుట్టీ పెట్టించావంటే మీ ఊళ్లో ఒక్క వానాకాలం ఆగదు, కింద బుడగలు లేస్తాయి. తిన్నంత మేరా కోయించి కొత్త రేకు అతికించి, చాసీ లోపల యాంటీ రస్ట్ కొట్టించి, అప్పుడు పెయింటర్‌ని పిలువు. బాడీ రేకులు దొరుకుతాయి, టింకరింగ్ చేసేవాడు మంచోడైతే బండి నిలబడతాది. చాసీ మాత్రం వెనక సగం పోయుంటే ఆ ఇంజన్, గేర్‌బాక్స్ అవసరమున్న జిప్సీ వాళ్లకి అమ్మీ, మంచి రేటే వస్తాది.

ప్రశ్న: మా మావయ్యది ఎల్లోబోర్డు మహీంద్రా కమాండర్ జీపు, సాలూరు నుంచి ఏజెన్సీకి సర్వీసు తోలేవారు. చాన్నాళ్లుగా ఇంటి దగ్గరే ఉంది. ఊరికే ఇస్తానంటున్నారు, తీసుకోవచ్చా అండీ?
– ఒక పాఠకురాలు, మక్కువ

జవాబు: ఊరికే అన్నారని వెంటనే తెచ్చీకమ్మా. ఎల్లోబోర్డు బండికి ట్యాక్స్ మూడు నెలలకోసారి పడుతుంటాది, బండి ఆపేస్తున్నామని ఆర్టీవో ఆఫీసులో రాసిచ్చి ఉండకపోతే నిలబడి ఉన్నా సరే బాకీ పెరుగుతూనే ఉంటాది, ఫిట్‌నెస్ లేని కాలానికి పడేది వేరే. మావయ్యగారు స్టాపేజ్ ఇచ్చారా అని అడుగు, ఇస్తే ఆ కాయితం చూపించమను. ఇవ్వకపోతే మొత్తం బాకీ ఎంతో ఆఫీసులో లెక్క కట్టించు, ఆ మొత్తం బండి విలువ దాటితే రిజిస్టర్డ్ స్క్రాపింగ్ సెంటర్‌కే ఇప్పించు, మామూలు పాత ఇనుము కొట్టుకి ఇస్తే సీ బుక్కు మావయ్యగారి పేరు మీదే ఉండిపోతాది. ఇంకోటి, కమాండర్లలో చాలా వాటికి ఫోర్‌వీల్ ఉండదు, ముందు యాక్సిల్ హౌసింగ్ మధ్యలో గుండ్రటి క్రౌన్ బుడ్డి (డిఫరెన్షియల్) లేకపోతే అది మామూలు టూవీల్ డ్రైవే. కొండ ఎక్కించడానికే కావాలనుకుంటే అది చూసుకున్నాకే మాటివ్వు.