మీ నాన్నకి 'డార్క్ సైడ్' వినిపించాలంటే

గుంటూరు

చిరంజీవి కోడలు పిల్లకి మామయ్య ఆశీస్సులు.

నీకు ప్రాణమైన రాక్ ఆల్బమ్‌ని మీ నాన్నకి వినిపించాలనుంది, ఎలా మొదలుపెట్టను అని రాశావు. అది ఇంగ్లండు రాక్ బృందం పింక్ ఫ్లాయిడ్ వాళ్ల 'ది డార్క్ సైడ్ ఆఫ్ ది మూన్' కాబట్టి పని కాస్త తేలికైంది. అందులో మీ నాన్న చెవికి ముందే పరిచయమున్న సంగతులు చాలా ఉన్నాయి. అయితే వాటిని ఆయనే పట్టుకోవాలి. నువ్వు పక్కన కూర్చుని, ఇది 1973లో వచ్చింది, 1988 దాకానే 741 వారాలు అమెరికా బిల్‌బోర్డ్ అమ్మకాల జాబితాలో ఉంది అంటూ మొదలుపెడితే ఆయన పరీక్ష హాల్లో ఉన్నట్టు బిగుసుకుపోతారు. చివర్లో నీ మొహం చూసి "బాగుందమ్మా" అంటారు. ఆ మాటతో ఆల్బమ్ మూతబడిపోతుంది.

అందుకని ఒక వారం ముందు వేరే దారిలో మొదలుపెట్టు. ఎల్పీ రికార్డులో రెండో వైపు మొదటి పాట 'మనీ'. నాణేల గలగల, కాగితం చింపిన చప్పుడు, గల్లాపెట్టె మోత వరసగా తిరుగుతుంటాయి కదా. అప్పట్లో వాటిని కంప్యూటర్లో పేర్చలేదు. ఒక్కొక్క చప్పుడునీ టేపు మీదకెక్కించి, ఆ టేపుని స్కేలుతో కొలిచి సమానంగా కోసి, ముక్కలు అతికించి గుండ్రంగా తిప్పారు. ముక్కలు ఏడు, దెబ్బకొకటి. మీ నాన్న కచేరీలో తొడ మీద తాళం వేయకుండా కూర్చోలేని మనిషి. ఆయన దగ్గరికెళ్లి, "నాన్నా, దీని లెక్క నాకు అందట్లేదు, కాస్త చెప్పు" అని పాట మొదలయ్యేదాకా వినిపించి ఆపెయ్యి. ఆయన చెయ్యి రెండు మూడు ఆవృతాల్లోనే "తకిట తకధిమి" దగ్గరికి వచ్చేస్తుంది. మన ఏడు లెక్కల తాళం మిశ్రచాపు కన్నా నడక నింపాది, కానీ లెక్క ఏడే.

ఇక్కడ ఇంకో ముడి ఉంది. త్యాగరాజస్వామి 'నిధి చాల సుఖమా' మిశ్రచాపులోనే ఉంది, కల్యాణి రాగం. అదీ ధనం గురించే. ఇది ఆయనకి తట్టాలి. రెండు రోజులు చూసి, తట్టకపోతే పొద్దున కాఫీ వేళకి ఆ కీర్తన పెట్టి ఊరుకో. విప్పి చెప్పావంటే ఆయన చేతిలో ఉండాల్సిన ముడి నీ చేతిలోకి వస్తుంది.

తట్టాక పాట మొత్తం వినిపించు. శాక్సోఫోన్ వాయించేంతసేపూ లెక్క ఏడే. గిటార్ అందుకున్నాక నాలుగుకి మారి, తరవాత మళ్లీ ఏడుకి వస్తుంది. "ఎక్కడ మారిందో చెప్పు" అని మాత్రం అడుగు. ఆ ఒక్క ప్రశ్నతో ఆయన పాటంతా శ్రద్ధగా వింటారు. మొదటి వారానికి ఇది చాలు.

ఇక అసలు వినికిడి సంగతి. ఫోన్లో వెతికేటప్పుడు జాగ్రత్త. ఆ బృందంలో ఒకప్పటి సభ్యుడు రోజర్ వాటర్స్ 2023లో ఇదే ఆల్బమ్‌ని 'రిడక్స్' అని మళ్లీ చేశాడు. అందులో పాట తక్కువ, మాట ఎక్కువ. పొరపాటున అది పెడితే మీ నాన్న పది నిమిషాల్లో లేచిపోతారు. సభల్లో వాయించిన రికార్డింగులూ వద్దు. 1973 నాటిదే కావాలి, రీమాస్టర్ అయినా పరవాలేదు. ఈ ఆల్బమ్‌లో చాలా పాటల మధ్య ఖాళీ ఉండదు, ఒకటి ఇంకోదాన్లోకి జారుతుంది. అందుకని ముందే డౌన్‌లోడ్ చేసుకో. షఫుల్, క్రాస్‌ఫేడ్ (ఒక పాట చివరని ఇంకో పాట మొదలుతో కలిపేసే అమరిక), ఆటోప్లే మూడూ ఆపెయ్యి. ఉచిత ఖాతాలో వింటే సరిగ్గా ఊపిరి బిగబట్టే చోట సబ్బు ప్రకటన వస్తుంది. ఫోన్ డూ నాట్ డిస్టర్బ్‌లో పెట్టడం మర్చిపోకు.

ఫోన్ స్పీకర్ మీద వినిపించొద్దు. ఆల్బమ్ గుండె చప్పుడుతో మొదలై గుండె చప్పుడుతోనే ముగుస్తుంది. అది బేస్ డ్రమ్ మీద తీసిన మంద్ర శబ్దం, అంత చిన్న స్పీకర్ నుంచి బయటికే రాదు. ఒంటి బ్లూటూత్ డబ్బా కూడా సగం పనే చేస్తుంది. 'ఆన్ ది రన్'లో పరిగెత్తే అడుగులు ఒక పక్కనుంచి ఇంకో పక్కకి వెళ్తాయి. అది తెలియాలంటే రెండు స్పీకర్లుండాలి. మీ ఇంట్లో పాత మ్యూజిక్ సిస్టమ్ ఉందిగా, దానికి ఫోన్ నుంచి 3.5 మిల్లీమీటర్ల ఆక్స్ కేబుల్ కలుపు. గవర్నర్‌పేటలో ఏ మొబైల్ సామాన్ల కొట్లో అయినా దొరుకుతుంది. కొత్త ఫోన్లకి ఆ రంధ్రం ఉండట్లేదు. నీదీ అలాంటిదే అయితే టైప్-సి అడాప్టర్ కూడా అడుగు.

స్పీకర్లని ఆరడుగుల ఎడంగా, కూర్చున్న మనిషి చెవి ఎత్తులో పెట్టు. మీ నాన్న కుర్చీ రెండింటికీ ఎదురుగా, అంతే దూరంలో ఉండాలి. గోడ మూలకి నెడితే మంద్రం బోబోమని మోగి మాటలు మింగేస్తుంది. మీ ముందు గదిలో పాలరాయి, ఖాళీ గోడలు. అక్కడ శబ్దం చరుచుకుని తిరిగొస్తుంది కాబట్టి కింద జంపఖానా పరిచి, కర్టెన్లు దగ్గరికి లాగు. ఆ గది బీఆర్‌టీఎస్ రోడ్డు మీదకి ఉందనుకుంటాను. బండ్ల రొద తగ్గే ఆదివారం తప్ప కుదరదు.

బెజవాడ ఎండల్లో ఫ్యాను ఆపమనడం అన్యాయం, కానీ ఫ్యాను హోరు కింద ఈ ఆల్బమ్‌లో నెమ్మదైన చోట్లన్నీ కొట్టుకుపోతాయి. ఏసీ అరగంట ముందు వేసి గది చల్లబడ్డాక ఫ్యాను ఒకటో నంబరుకి తగ్గించు. లేదంటే సంక్రాంతి దాకా ఆగు. భోజనం అవగానే పెడితే ఆయన కునుకు తీస్తారు. సాయంత్రం కాఫీ అయ్యాక, టీవీ వార్తల ముందు మంచి సమయం. మా అక్కకి ముందే చెప్పు, ఆ అరగంటా కుక్కరూ మిక్సీ వద్దని. అసలు అక్కనీ కూర్చోబెట్టు. తండ్రీ కూతుళ్ల మధ్య మూడో మనిషి ఉంటే నీ చూపు ఆయన మొహం మీదే ఉండిపోదు.

ఎక్కువమంది దెబ్బతినేది వాల్యూమ్ దగ్గర. మొదటి శబ్దం వినీ వినపడనట్టు మొదలవుతుంది. వినపడట్లేదని పెంచుతారు. పెంచిన కాసేపటికి కేక, ఇంకో ఆరేడు నిమిషాలకి 'టైమ్' మొదట్లో గడియారాలన్నీ ఒక్కసారి మోగుతాయి. బీపీ ఉన్న మనిషికి అది వేళాకోళం కాదు. నువ్వొక్కదానివే ఉన్నప్పుడు ఆ గడియారాల చోటు పెట్టి, ఆయన కుర్చీలో కూర్చుని, చెవికి ఓర్చుకోగలిగినంత దగ్గర వాల్యూమ్ ఆపు. ఆ మెట్టు గుర్తు పెట్టుకుని మళ్లీ ముట్టుకోకు. మొదట్లో వినపడకపోతే పోనీ, అది అలాగే ఉండాలి. గడియారాల సంగతి ముందే చెప్పడం వల్ల రసభంగమేమీ లేదు. సౌండ్ ఇంజనీరు అలన్ పార్సన్స్ పాత గడియారాల కొట్టుకి వెళ్లి ఒక్కొక్కటీ విడిగా రికార్డు చేసుకొచ్చాడని చెప్పు, ఆయన వాటికోసం ఎదురుచూస్తారు.

ఆల్బమ్ మొత్తం సుమారు 43 నిమిషాలు. ఒక్క కూర్చోవడంలో వద్దు. ఎల్పీకి రెండు వైపులు ఉన్నాయి కదా, అలాగే పంచు. మొదటి వైపు సుమారు 19 నిమిషాలు, ఒక ఆదివారం. రెండో వైపు 23 నిమిషాల పైన, ఇంకో ఆదివారం.

మొదటి వైపులో పెద్దవాళ్లు లేచిపోయే చోటు 'ఆన్ ది రన్'. పాట ఉండదు, గాయకుడు ఉండడు, సింథసైజర్ మీద ఒకే వరస గిరగిరా తిరుగుతుంది. దాన్ని దాటేయొద్దు, దాటితే గడియారాల దెబ్బకి బలం ఉండదు. ప్రయాణపు కంగారుని శబ్దాల్లో చూపించారు, ఎయిర్‌పోర్టు ప్రకటన వినిపిస్తుంది, నాలుగు నిమిషాల్లోపే అయిపోతుంది అని చెప్పు. ఎంతసేపో తెలిస్తే మనిషి ఓపిక పడతాడు. ఆ తరవాత 'టైమ్'లో బృందం డ్రమ్మరు నిక్ మేసన్ రోటోటామ్‌ల మీద వాయించే ముక్క ఆయనకి నచ్చుతుందని నా నమ్మకం. శ్రుతి చేసిన డ్రమ్ములవి, మృదంగం విన్న చెవికి కొత్తగా ఉండవు.

రెండు విషయాలు మాత్రం ముందే చెప్పాలి. ఒకటి, గిటార్ గరగరలాడితే స్పీకర్ చిరిగిందని ఆయన లేచి వైర్లు చూస్తారు. ఆ గరగర ఫజ్ అనే పెడల్‌తో కావాలని తెచ్చింది. అదే గిటార్లో వాళ్ల గిటారిస్టు డేవిడ్ గిల్మర్ తీగని మెట్టు మీద పక్కకి లాగి స్వరాన్ని పైకి తీసుకెళ్తాడు. వీణ మీద గమకం కోసం తీగ లాగడం ఆయన ఎన్నోసార్లు చూసిందే. రెండోది ఇంకా ముఖ్యం. మన సంగీతంలో షడ్జమం, అంటే 'స', కదలదు, తంబురా దాన్ని పట్టుకుని ఉంటుంది. ఇక్కడ పాట అడుగున కార్డ్స్, అంటే ఒకేసారి కలిపి మోగించే స్వరాల గుంపులు, మారుతూ పోతాయి. ఆధార శ్రుతిని వెతికే చెవికి నేల జారుతున్నట్టు ఉంటుంది. పెద్దవాళ్లు రాక్ సంగీతాన్ని "గోల" అనడానికి చాలాసార్లు శబ్దం కన్నా ఇదే కారణం. ఆ సంగతి చెబితే ఆయన ఆ కదలికని కూడా వినడం మొదలుపెడతారు.

ఇది బాగా తెలిసేది మొదటి వైపు చివర, 'ది గ్రేట్ గిగ్ ఇన్ ది స్కై'లో. రిచర్డ్ రైట్ పియానో మీద కార్డ్స్ మారుస్తుంటే క్లేర్ టోరీ అనే గాయని సాహిత్యం లేకుండా గొంతుతోనే పాడుతుంది. 1973 జనవరిలో పాడించి 30 పౌండ్లు ఇచ్చారు. తన గొంతులో పుట్టిన ఆ వరసలకి తానూ కర్తనేనని ఆవిడ 2004లో కోర్టుకి వెళ్తే, మరుసటి ఏడు రాజీ కుదిరి రచయితగా ఆవిడ పేరూ చేరింది. ఆలాపన మనోధర్మమని, అంటే పాడేవాళ్లు అప్పటికప్పుడు అల్లేదని, ఎరిగిన మీ నాన్నకి ఈ తగువు ఎవరి పక్షమో ఇట్టే తేలుతుంది. పాట అయ్యాక చెప్పు, ముందు కాదు. పాట మొదట్లో ఒక మనిషి చావంటే భయం లేదని మాట్లాడతాడు. ఇంట్లో ఏడాదిలోపు ఎవరైనా పోయి ఉంటే సంవత్సరీకం అయ్యేదాకా ఈ ఆల్బమ్ పెట్టకు.

ఇంగ్లీషు మాటలు అందట్లేదని ఆయన అంటే అది భాష సమస్యే కాకపోవచ్చు. వయసు పైబడితే పై స్థాయి శబ్దాలు తగ్గి హల్లులు చెదురుతాయి. పాట నడుస్తుండగా అర్థం చెప్పకు. ఒక్క కాగితం మీద పెద్ద అక్షరాలతో పాటకి రెండు వాక్యాల చొప్పున తెలుగులో భావం రాసి ముందురోజే ఇవ్వు. ఆయన హియరింగ్ ఎయిడ్ పెట్టుకునేట్టయితే అందులో సంగీతానికి వేరే ప్రోగ్రామ్ ఉందేమో ఆడియాలజిస్టుని అడిగి పెట్టించు. మాటల కోసం చేసిన అమరిక సాగదీసిన స్వరాన్ని యంత్రపు కూత అనుకుని నొక్కేస్తుంది, గొంతు వణికినట్టు వినిపిస్తుంది.

రెండో వైపు ముందు రెండు మాటలు చాలు. రోజర్ వాటర్స్ నెలల పిల్లవాడుగా ఉండగా, 1944లో తండ్రి యుద్ధంలో పోయాడు. 'అస్ అండ్ దెమ్' వినేముందు అది తెలిసి ఉండాలి. 'బ్రెయిన్ డ్యామేజ్' వెనక సిడ్ బారెట్ ఉన్నాడు. బ్యాండ్ మొదలుపెట్టినవాళ్లలో ఒకడు, మనసు చెదిరి 1968లో దూరమయ్యాడు. మన ఇళ్లలో ఇలాంటి జబ్బుల గురించి నోరెత్తరు. ఆ పాట అయ్యాక ఆయన ఎవరి గురించైనా మాట్లాడితే నెమ్మదిగా విను, ఆ పూట సంగీతం అక్కడ ఆగినా పరవాలేదు.

వినేటప్పుడు "ఇప్పుడొస్తుంది చూడు" అనకు. ఆయన మాట్లాడితే పాజ్ చెయ్యి, పాట మీద మాట్లాడనివ్వకు. కునుకు తీస్తే లేపకు. అయిపోగానే "ఎలా ఉంది?" అని అడగొద్దు, ఆ ప్రశ్నకి మర్యాద జవాబే వస్తుంది. మర్నాడు "ఎక్కడ ఇబ్బందిగా అనిపించింది?" అని అడుగు. నిమిషంతో సహా చెప్పారంటే నిజంగా విన్నారని అర్థం. నచ్చలేదంటే వాదించకు. ఘంటసాలతో పోలిస్తే పోల్చనివ్వు. తనకి ప్రాణమైన కచేరీ ఒకటి ఎంచమని అడిగి, అదే కుర్చీలో నువ్వు ఫోన్ పక్కన పెట్టి పూర్తిగా విను.

ఆయనే ఇంకోటి అడిగితే 'ది వాల్' జోలికి పోకు. అది రెండు రికార్డులు, గంటా ఇరవై నిమిషాలు, కోపం ఎక్కువ. 1975లో వచ్చిన 'విష్ యు వర్ హియర్' పెట్టు. మొదటి పాటలో గొంతు వినిపించడానికి ఎనిమిది నిమిషాల పైనే పడుతుంది, ఆలోగా గిటార్ తాపీగా విచ్చుకుంటుంది. ఆ స్వరాల అడుగున తడివేలితో గాజు గ్లాసుల అంచు రుద్ది తీసిన నాదం ఉంది. జలతరంగం కచేరీలు విన్నారా అని ముందురోజు ఆయన్ని కదిపి చూడు.

అక్కకీ బావకీ నా నమస్కారాలు చెప్పు.

మీ మామయ్య