వంటిల్లు ఏదన్నా?

కర్నూలు

పాపా,

మునిగిపోయిన మన ఇంటి గురించి నువ్వు రాసి పంపిన ఇరవై పేజీలూ, మూడు బొమ్మలూ అందాయి. రెండుసార్లు చదివాను. మొదటిసారి పెద్దనాయనగా చదివి కళ్ళు తుడుచుకున్నాను. రెండోసారి బళ్ళో ముప్పై ఏళ్ళు డ్రాయింగ్ చెప్పిన మనిషిగా, ఎర్ర పెన్సిల్ పట్టుకుని చదివాను. కాబట్టి కొంచెం ఓర్చుకో.

'ఇల్లంటే నాలుగు గోడలు కాదు' అని మొదలుపెట్టావే, ఆ పేజీ తీసెయ్. అది ఎవరింటికైనా అతుకుతుంది. మన ఇల్లు శ్రీశైలం డ్యాం నీళ్ళ కింద ఉంది. గోడలు పోయిన వాళ్ళం మనం, గోడలతోనే మొదలుపెట్టు.

ఆ గోడల లెక్క మీ ఇంట్లోనే ఉంది. మీ నాయన బీరువాలో 98 జీవో, అదే ముంపు కుటుంబాలకు ఉద్యోగాల జీవో, కాగితాల ఫైలు ఉంటుంది చూడు. అందులో పరిహారం అవార్డు కాపీ వెతుకు. మట్టి మిద్దె ఒకటి, పశువుల కొట్టం ఒకటి, వేపచెట్టు ఒకటి, చింతచెట్లు రెండు అని వరసగా రాసుంటుంది. మన ఇంటి గురించి ఎవరైనా కాగితం మీద పెట్టిన మొదటి మాటలు అవే. రాసింది ఎవరో గుమాస్తా. దాన్ని ఒక పెద్ద కాగితానికి ఎడమవైపు ఉన్నదున్నట్టు దించుకో. అందులో లేనివి కుడివైపు రాయి. వేపచెట్టు లెక్కలోకి వచ్చింది గానీ, దాని కింద మా అమ్మ, మీ జేజి, కూర్చుని శనక్కాయలు వొలిచే బండ రాలేదు. గవాక్షిలోంచి పొద్దున్నే పడసాలలో పడే ఎండ రాలేదు. ఆ ఎండ గోడ దగ్గరికి జరిగిందంటే నాకు బడికి టైమైనట్టు. గడియారం లేని ఇల్లు కదా.

ఇప్పుడు నా తప్పొకటి చెప్తాను.

1981లో ఊరు ఖాళీ చేసేటప్పుడు నాకు 22 ఏళ్ళు. మరుసటి ఏడు ఇక్కడ అద్దె గదిలో కూర్చుని, మరిచిపోకముందే ఇంటి బొమ్మ గీద్దామని పెద్ద చార్టు తెచ్చాను. దూలాలు, దంతెలు, గవాక్షి, పడసాల, కొట్టం, ఎద్దుల గాడి, అన్నీ స్కేలు పెట్టి గీశాను. ఒక్క గీత తప్పలేదని నాకు గొప్ప. మీ అత్త వచ్చినప్పుడు చూపిస్తే చాలాసేపు చూసి, "వంటిల్లు ఏదన్నా?" అనింది. వెనకవైపు ఒక ఖాళీ గడి గీసి వదిలేసి ఉన్నాను. ఆ ఇంట్లో 22 ఏళ్ళు తిన్న మనిషిని, పొయ్యి ఏ గోడ వైపు ఉండేదో చెప్పలేకపోయాను.

ఆమె నా చేతిలో పెన్సిల్ లాక్కుని నేల మీద కూర్చుని గీసింది. పక్కపక్కన రెండు పొయ్యిలు, సంగటి తెడ్డు ఆనించే మూల, నీళ్ళ కడవలు, దీపం గూడు. గూడు పైన గీతలేమీ గీయలేదు, పెన్సిల్ పొడి వేలికి అద్దుకుని పైకి రుద్దింది. మసి! నలభై ఏళ్ళు దాటినా ఆ వేలిముద్ర ఆ చార్టు మీద అట్లాగే ఉంది. ముప్పై ఏళ్ళ నా సర్వీసులో అంత మంచి షేడింగ్ నేను వేసింది లేదు.

అందుకే చెప్తున్నాను, నీ ఒక్కదాని బుర్రలోంచి ఇల్లు గీయకు. మీ నాయనతో, అత్తతో, నాతో, వచ్చిపోయే చుట్టాలతో తలా ఒక కాగితం మీద ఇంటి ప్లాను గీయించు. ఒకరిది ఒకరికి చూపించకు. రబ్బరు ఇవ్వకు. బొమ్మ రాదంటారు, గీతలు చాలని చెప్పు. గీస్తూ ఉంటే మాటలు వాటంతటవే వస్తాయి. ఫోన్ రికార్డింగు పెట్టుకో, కానీ వాళ్ళ మొహం ముందు పెట్టకు. మీ నాయన బావి తూర్పున అంటాడు, నేను ఉత్తరం అంటాను. ఇద్దర్నీ కూర్చోబెట్టి పంచాయితీ చెయ్యకు. రెండు బావులూ ఉండనీ.

పాత ఫొటోల సంగతి. ల్యామినేషన్ జోలికి పోవద్దు. తాత ఫొటో అట్లా చేయించి నేనే పాడు చేసుకున్నాను, ఇప్పుడు ఊడదీయడానికి లేదు. నీడపట్టున పెట్టి, ఫ్లాష్ లేకుండా ఫోన్‌తో తీసుకో. వెనక పేర్లు రాయాలంటే మెత్తటి పెన్సిల్‌తో, అంచున, నొక్కకుండా రాయి.

మీ నాయన గురించి రాసింది నాకు నచ్చలేదు. 'మాట్లాడని మనిషి' అని నాలుగు చోట్ల రాశావు. ధర్మవరం దగ్గర నిమ్మలకుంటకు ఒకసారి పోయి తోలుబొమ్మలు చేసే ఇళ్ళు చూసిరా. ఆ ఊరి దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ వచ్చింది. మేకతోలును వెలుగు దాటేంత పలచగా చేసి, బొమ్మ గీసి, నగల దగ్గరంతా సన్నగా బొక్కలు కొడతారు. రంగు మాత్రం రెండువైపులా వేస్తారు, ఆటలో బొమ్మ అటూ ఇటూ తిరగాలి కదా. నువ్వు మీ నాయనకు ఒక్కవైపే రంగు వేశావు. కొత్త కాలనీలో కరెంటు లేని రోజుల్లో లాంతరు ముందు చేతులతో గోడ మీద కుక్కనూ నెమలినీ ఆడించి వీధి పిల్లలందర్నీ నవ్వించింది ఆ మనిషే. అడుగు, ఇప్పటికీ చేసి చూపిస్తాడు.

ఆ జీవో కింద ముంపు కుటుంబానికి ఒక ఉద్యోగం అన్నారు. మేము ఇద్దరం అన్నదమ్ములం. దరఖాస్తులో ఎవరి పేరు రాయాలన్న దగ్గర మీ నాయనకూ నాకూ మూడేళ్ళు మాటల్లేవు. ఇది నీకు తెలుసు, తెలిసే వదిలేశావు. రాయి. బయట ఎవరికీ చూపించకముందు మా ఇద్దరికీ చదివి వినిపించు. నేను అలగనని మాత్రం మాటివ్వలేను.

ఇక తలుపు. జేజికి చదువు రాదు. పాలు పోసిన రోజుల లెక్క వీధి తలుపు వెనక బొగ్గుతో గీతలు పెట్టుకునేది, పూటకొక గీత, పోయనినాడు సున్నా. ఊరు వదిలేటప్పుడు దూలాలతో పాటు ఆ తలుపూ బండికెక్కింది. రూపాల సంగమేశ్వరం గుడిని రాయి రాయీ విప్పి తెచ్చి ఇక్కడ జగన్నాథగట్టు మీద మళ్ళీ కట్టారు. మాకు ఒక తలుపు దక్కింది. నా పెళ్ళికి ఇల్లు కళగా ఉండాలని ఆ తలుపుకు రెండువైపులా ఆకుపచ్చ పెయింటు కొట్టించింది నేనే. జేజి ఏమీ అనలేదు. లెక్క గోడ మీదికి మార్చుకుంది.

తలుపు మా పెరట్లో ఉంది. ఎండ ఏటవాలుగా పడితే ఒకటి రెండు గీతలు తేలినట్టు కనబడతాయి. పలచటి కాగితం, బొగ్గుముక్క తెచ్చుకో, కాగితం పరిచి పైన రుద్ది చూద్దాం. పెయింటు గీకించే ఆలోచన మాత్రం పెట్టుకోకు, దాని కింద ఏమన్నా మిగిలుంటే అదీ పోతుంది.

ఎండాకాలంలో రా. డ్యాం నిండితే 885 అడుగులు, అప్పుడు వచ్చినా చూడ్డానికి నీళ్ళే. బాగా దిగినాక, నీళ్ళలోనే ఉండిపోయిన ఇంకో సంగమేశ్వరం గుడి బయటపడుతుంది. అక్కడి నుంచి మన ఊరి దిక్కు నేను చూపిస్తాను. మీ నాయన ఇంకో దిక్కు చూపిస్తాడు. కొత్త చెప్పులు వేసుకు రావద్దు, బురద మోకాళ్ళ దాకా ఉంటుంది.

పెద్దనాయన