టెలిగ్రాఫిస్టు గురించి రాయాలంటే ముందు లాగ్‌బుక్కు తీయండి

మీరు అడిగింది ఇది: నాన్నగారు భారత నౌకాదళంలో టెలిగ్రాఫిస్టుగా, అంటే వైర్‌లెస్ సందేశాలు పంపి అందుకునే మనిషిగా పనిచేశారు, రిటైరయ్యాక మిగిలిన జీవితమంతా హామ్ రేడియోతోనే, అంటే లైసెన్సు తీసుకుని సరదాకి ఇంట్లోంచి నడిపే రేడియోతోనే గడిపారు, ఈమధ్యే పోయారు. సంవత్సరీకానికి ఒక చిన్న పుస్తకం వేయాలనుకుంటున్నారు. నౌకాదళం గురించి ఆయన ఇంట్లో నోరు విప్పలేదు. గది నిండా రేడియో సెట్లు, కార్డులు మిగిలాయి. ఎక్కడ మొదలుపెట్టాలి, ఏం రాయాలి?

మా మామయ్యదీ అచ్చం ఇదే సంగతి. పెట్టీ ఆఫీసర్‌గా రిటైరై, వీయూ2తో మొదలయ్యే కాల్‌సైన్ (రేడియోలో మనిషిని గుర్తుపట్టే అక్షరాలు, అంకెల పేరు) తీసుకుని, మేడమీది గదిలో స్థిరపడిపోయారు. ఆయన పోయాక పుస్తకం పని నా మీద పడింది. సంస్మరణ సంచికలు ఎలా ఉంటాయో మీకూ తెలుసు. జననం, విద్య, ఉద్యోగం, ఆ తర్వాత 'నిరాడంబరులు', 'అజాతశత్రువు'. పేరు మారిస్తే ఆ పేజీ ఎవరికైనా సరిపోతుంది. మా మామయ్య అజాతశత్రువు అసలే కాదు, ఏంటెనా తీగ విషయంలో పక్కింటివారితో చాలాకాలం మాటల్లేవు. కాబట్టి ఆ మూసను పక్కన పెట్టి లాగ్‌బుక్కులు తీయండి.

హామ్‌లు, అంటే హామ్ రేడియో నడిపేవాళ్లు, తాము మాట్లాడిన ప్రతి స్టేషన్‌నూ లాగ్‌లో రాసుకుంటారు. తేదీ, సమయం, ఫ్రీక్వెన్సీ, అవతలి కాల్‌సైన్, సిగ్నల్ ఎంత బాగా వినిపించిందో చెప్పే మూడంకెల సంఖ్య, చివర ఒక చిన్న గడిలో ఇతర వివరాలు. చుక్కలు, గీతలుగా అక్షరాలు పంపే మోర్స్‌లో 599 అంటే బ్రహ్మాండంగా వినిపిస్తోందని. సమయం యూటీసీలో, అంటే ప్రపంచమంతటికీ ఒకటే అయిన ప్రామాణిక కాలంలో ఉంటుంది కాబట్టి మన లెక్కకు అయిదున్నర గంటలు కలుపుకోవాలి. లాగ్‌లో 2230 అని ఉంటే మనకు మర్నాడు తెల్లవారుజాము నాలుగు. ఈ లెక్క కట్టుకుంటూ పోతే మనిషి దినచర్య బయటపడుతుంది. మామయ్య ఏళ్ల తరబడి ఆ వేళకు లేచి హెడ్‌ఫోన్లు పెట్టుకుని కూర్చునేవారని అత్తయ్యకు తప్ప మాకెవరికీ తెలియదు. ఆ వేళే ఎందుకంటే, పగటిపూట ఆకాశంలో కింది పొర అయిన డి పొర 7 మెగాహెర్ట్జ్ తరంగాలను చాలావరకు మింగేస్తుంది. పొద్దుగూకాక అది పలచబడిపోతే, పైనున్న ఎఫ్ పొరకు తగిలి తరంగాలు ఖండాలు దాటుతాయి. నిద్రపట్టక లేచినవాడి కథ వేరు, తరంగం కోసం లేచినవాడి కథ వేరు. లాగ్‌లో ఫ్రీక్వెన్సీ గడి చూస్తే ఏది ఏదో తెలిసిపోతుంది.

అసలు సరుకు మాత్రం ఆ చివరి గడిలో ఉంటుంది. మామయ్య అక్కడ పెన్సిలుతో తెలుగులో రాసేవారు. 'గాలివాన. తీగ తెగింది.' 'కొత్త కుర్రాడు, తొందర ఎక్కువ.' జపాన్‌లోని ఒక పెద్దాయనతో తరచుగా మాట్లాడేవారు. ఒక పేజీలో ఆయన కాల్‌సైన్ ఎదురుగా 'చెయ్యి వణుకుతోంది' అని ఉంది. మోర్స్ కొట్టే తీరు చేతిరాతలా మనిషి మనిషికీ వేరు, చుక్కల మధ్య ఎడం చూసి ఎవరో పోల్చుకుంటారు. కొన్ని పేజీల తర్వాత అదే కాల్‌సైన్ పక్కన 'వేగం తగ్గించాను, ఆయన కోసం' అని ఉంది. ఆపైన ఆ కాల్‌సైన్ లేదు. మామయ్య ఎలాంటి మనిషో చెప్పడానికి ఆ రెండు పేజీల ఫొటో చాలనిపించి, పుస్తకంలో వాటినే ముందు వేశాను.

ఇక నౌకాదళం సంగతి. ఆయన చెప్పలేదని మీరు బాధపడుతున్నట్టున్నారు. టెలిగ్రాఫిస్టు చెప్పకపోవడంలో వింతేమీ లేదు. యుద్ధనౌక రేడియో గదిలో పనంతా వినడమే, పంపడం బహు తక్కువ. పంపిన ప్రతి అక్షరమూ ఓడ ఎక్కడుందో శత్రువుకు చెప్పేస్తుంది. పంపినా సంకేతలిపిలోనే పంపాలి, అందులో ఏముందో పంపినవాడికే తెలియకపోవచ్చు. హామ్ రేడియోలో దీనికి సరిగ్గా ఎదురు. అర్థం దాచే సంకేతలిపి నిషిద్ధం, ఎవరికైనా అర్థమయ్యే భాషలోనే మాట్లాడాలి. వ్యాపారం, రాజకీయం కూడదు. అన్నిటికంటే ముఖ్యం, మాట్లాడే ప్రతిసారీ మీ కాల్‌సైన్ చెప్పి తీరాలి. సర్వీసంతా తానెవరో చెప్పకుండా బతికిన మనిషి, రిటైరయ్యాక రోజూ 'నేను ఫలానా, ఇక్కడున్నాను, ఎవరైనా వింటున్నారా' అని లోకమంతటినీ పిలుస్తూ కూర్చున్నాడు. మా మామయ్య జీవితానికి అదే వెన్నెముక అని నా నమ్మకం. మీ నాన్నగారి విషయంలో కూడా ఇది నిజమేనేమో చూడండి. ఆయన ఇంట్లో మాట్లాడలేదంటున్నారు కానీ, బయట ఎంత మాట్లాడారో మీకింకా తెలియదు.

ఒక హెచ్చరిక. 1971 పాకిస్తాన్ యుద్ధం నాటికి సర్వీసులో ఉన్న ప్రతి నావికుడి ఇంట్లోనూ ఘాజీ కథ ఒకటి ఉంటుంది, పెళ్లిళ్లలో అది కాస్త కాస్త పెరుగుతూ ఉంటుంది. ఆ కథలో రేడియోకు పెద్ద పాత్రే ఉంది మరి. పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ మన విమానవాహక నౌక విక్రాంత్ కోసం వచ్చింది. విక్రాంత్ అప్పటికే అండమాన్ వైపు ఉంది. అది విశాఖ దగ్గరే ఉందని నమ్మించడానికి పాత డిస్ట్రాయర్ రాజ్‌పుత్ విక్రాంత్‌లా నటిస్తూ వైర్‌లెస్ సందేశాలు గుప్పించింది. విక్రాంత్‌లోని నావికుడెవరో జబ్బుతో ఉన్న తల్లి ఎలా ఉందని అడుగుతున్నట్టు, సంకేతలిపి లేకుండా ఒక మామూలు తంతిని కూడా కావాలనే వదిలారని నాటి తూర్పు నౌకాదళ అధిపతి వైస్ అడ్మిరల్ కృష్ణన్ తర్వాత రాశారు. డిసెంబరు 3, 4 తేదీల మధ్య రాత్రి ఘాజీ విశాఖ రేవు బయట మునిగిపోయింది. ఆ తంతి కొట్టిన చెయ్యి మా మామయ్యదేనని మా బంధువులు ఇప్పటికీ ఘంటాపథంగా చెబుతారు. నౌకాదళం ఇచ్చిన ఆయన సర్వీసు వివరాల పుస్తకం, అంటే డిశ్చార్జి పుస్తకం ప్రకారం ఆ నెలలో ఆయన పడమటి తీరంలో ఉన్నారు. నేను పుస్తకంలో ఆ కథ వేయలేదు, ఇద్దరు బాబాయిలకు కోపం వచ్చింది, పోనీలెండి.

కాబట్టి డిశ్చార్జి పుస్తకం వెతకండి. ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా ఏ ఓడలోనో, ఏ తీర స్థావరంలోనో అందులో వరసగా ఉంటుంది. దొరక్కపోతే, నావికుల రికార్డులు చూసే బ్యూరో ఆఫ్ సెయిలర్స్ ముంబయి మాన్‌ఖుర్ద్‌లో ఉంది. సర్వీసు నంబరు జతచేసి కుటుంబసభ్యులు రాయవచ్చు. ఉత్తరం ఎలా రాయాలో మీ జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో చెబుతారు. పతకాలూ సాక్ష్యమే. 1971కి సంబంధించి తూర్పు రంగంలో పనిచేసినవారికి పూర్వీ స్టార్, పడమటి రంగంలో పనిచేసినవారికి పశ్చిమీ స్టార్ ఇచ్చారు. సంగ్రామ్ మెడల్ అంతకంటే చాలా ఎక్కువమందికి వచ్చింది. అంచు మీదో వెనకో సర్వీసు నంబరు, పేరు చెక్కి ఉంటాయి, భూతద్దంతో చూడండి.

కాగితాల్లో దొరకనివి అలవాట్లలో దొరుకుతాయి. మామయ్య గదిలో మామూలు గోడగడియారం మీద రెండు చోట్ల ఎర్రకాగితం ముక్కలు అంటించి ఉండేవి. ఒకటి 15 నుంచి 18 నిమిషాల దాకా, ఇంకొకటి 45 నుంచి 48 దాకా. ముల్లు ఎరుపులో ఉండగా మేం గదిలో అల్లరి చేస్తే ఊరుకునేవారు కాదు. ఆయనకదో చాదస్తం అనుకున్నాం. సముద్రంలో ఆపద సందేశాలకు కేటాయించిన 500 కిలోహెర్ట్జ్ మీద ప్రతి గంటలో ఆ రెండుసార్లు, మూడేసి నిమిషాలు, అందరూ పంపడం ఆపేసి వినాలన్నది నియమం. ఎక్కడో మునుగుతున్న ఓడ నీరసంగా పిలిచినా వినిపించాలని. ఓడల రేడియో గదుల్లో గడియారాలకు ఆ ఎర్ర గీతలు ముద్రించే ఉండేవి. 1999 ఫిబ్రవరి 1 నుంచి ఉపగ్రహాలతో పనిచేసే కొత్త భద్రతా వ్యవస్థ పూర్తిగా అమల్లోకి వచ్చింది, ఓడలకు మోర్స్‌తో అవసరం తీరింది. మామయ్య ఆ కాగితాలు పీకలేదు. మీ ఇంట్లోనూ ఇలాంటి చాదస్తాలు ఉండే ఉంటాయి. అమ్మగారిని అడిగి రాసుకోండి, వాటి కారణం చాలాసార్లు ఓడలోనే ఉంటుంది.

2004 సునామీ నాటి మాట ఒకటి. ఆ డిసెంబరులో హైదరాబాద్‌లోని జాతీయ అమెచ్యూర్ రేడియో సంస్థ తరఫున భారతీ ప్రసాద్ బృందం పోర్ట్‌బ్లెయిర్ నుంచి ప్రసారం చేస్తోంది. చాలా ఏళ్ల తర్వాత అండమాన్ నుంచి హామ్ పిలుపు వినిపిస్తుంటే ప్రపంచమంతా ఎగబడింది. 26న సునామీ వచ్చింది, సరదాకి పెట్టిన స్టేషనే ద్వీపాల క్షేమసమాచారం చేరవేసే స్టేషన్ అయింది. ఆ రోజుల్లో మామయ్య లాగ్ దాదాపు ఖాళీ. ఆయన సెట్టు పక్కన లేరేమో అనుకున్నాను, అత్తయ్య నవ్వింది. తిండి కూడా సెట్టు దగ్గరికే తెప్పించుకున్నారట. అత్యవసర సమాచారం నడుస్తున్నప్పుడు అవసరం లేనివాడు తరంగాల్లోకి దూరకుండా ఉండడమే సాయం. ఖాళీ పేజీలను కూడా తేదీలతో సరిచూసుకోవాలని అప్పుడు తెలిసింది.

ఇక కార్డులు. క్యూఎస్ఎల్ కార్డు అంటే మాట్లాడుకున్నట్టు ధ్రువీకరిస్తూ పంపుకునేది. బొమ్మవైపు చూసి ఆనందించి పెట్టెలో పడేస్తారు అందరూ. వెనకవైపు చదవండి, స్కాన్ చేస్తే రెండువైపులా చేయండి. తరచుగా కనిపించే కాల్‌సైన్‌లు ఏరి, వారికి చిన్న కబురు పంపండి. చనిపోయిన హామ్‌ను 'సైలెంట్ కీ' అంటారు. కాల్‌సైన్ పక్కన ఆ మాట ఉంటే చాలు, ఇంకేమీ వివరించనక్కర్లేదు, తెలియనివారు కూడా జవాబిస్తారు. న్యూజిలాండ్ నుంచి నాకు పెద్ద ఉత్తరమే వచ్చింది. నేను పదో తరగతిలో లెక్కలు తప్పినప్పుడు మామయ్య ఎంత దిగులుపడ్డారో అందులో ఉంది. నా ముందు ఒక్క మాటా అనని మనిషి!

చివరగా సెట్లు. గుర్తుగా ఒకసారి ఆన్ చేసి చూద్దామని మాత్రం అనుకోకండి. పాత వాల్వు ట్రాన్స్‌మిటర్లలో ఆరేడు వందల వోల్టులు ఉంటాయి, ప్లగ్గు పీకేసినా కెపాసిటర్లలో ఆ విద్యుత్తు నిలిచి ప్రాణం తీయగలదు. మూత కూడా విప్పవద్దు. లైసెన్సు ఆయన పేరు మీదే ఉంది కాబట్టి మీరు వాడడానికి వీల్లేదు, లైసెన్సు ఉన్న హామ్‌కే అప్పగించాలి. పాతసామాన్లవాడికి ఇచ్చేలోపు దగ్గర్లోని హామ్ క్లబ్బుకు ఫోను చేయండి, వచ్చి చూసి, దేనితో ఏం చేయాలో చెప్పి తీసుకెళతారు. మోర్స్ కీని మాత్రం ఎంత బతిమాలినా ఇవ్వకండి. అది ఉత్త స్విచ్చు, దాన్ని ఇంట్లో పెట్టుకోవడానికి ఏ లైసెన్సూ అక్కర్లేదు.