నైట్ డ్యూటీ చేసేవాళ్లకి వేకువ ప్రార్థన ఎప్పుడు?

ప్రశ్న: అమ్మగారికి వందనాలు. నేను హైదరాబాద్‌లో ఒక ప్రైవేటు ఆసుపత్రి ఐసీయూలో స్టాఫ్ నర్సుని. నెలలో సగం రోజులు నైట్ డ్యూటీలే. పొద్దున 8 గంటలకు డ్యూటీ దిగి, ఇంటికొచ్చి, వంట చేసి పడుకునేసరికి 11 అవుతుంది. బైబిల్ తెరిస్తే రెండు వచనాలకే కళ్లు మూతపడతాయి. మా అమ్మ ఊళ్లో తెల్లవారుజామున 4 గంటలకే లేచి మోకాళ్లూనేది. మా అత్తగారేమో, వేకువ ప్రార్థన లేని ఇల్లు అంటూ మాటలంటారు. శుక్రవారం ఉపవాసం ఉంటే డ్యూటీలో కళ్లు తిరుగుతున్నాయి. వంట చేస్తూ ఫోన్‌లో ప్రసంగాలు పెట్టుకుంటాను, అవీ చెవిన పడీ పడనట్టే. పెళ్లికి ముందు యేసయ్య నా పక్కనే ఉన్నట్టుండేది. ఇప్పుడు దూరమయ్యాడేమోనని భయంగా ఉంది. ఏం చేయమంటారు?
- ఒక సోదరి, హైదరాబాద్

జవాబు: ముందు శుక్రవారం సంగతి తేల్చేద్దాం తల్లీ. నైట్ డ్యూటీ ఉన్న రోజు ఉపవాసం ఉండొద్దు. నేనూ మిషన్ ఆసుపత్రి వార్డుల్లో పనిచేసి రిటైరైనదాన్నే. అర్ధరాత్రి దాటాక ఖాళీ కడుపుతో తల తిరుగుతున్న సిస్టర్ సిరంజిలోకి ఇన్సులిన్ ఎన్ని యూనిట్లు లాగుతుందో ఎవరు చూడొచ్చారు? పేషెంటు ప్రాణం మీదికి తెచ్చే ఉపవాసం ప్రభువు అడగలేదు. నీకు ఆఫ్ ఉన్న రోజు ఒక పూట మానెయ్, చాలు. నీకే షుగర్ ఉంటే అదీ వద్దు.

ఇక వేకువ ప్రార్థన. దీనికి మనవాళ్లు చూపించే వచనం మార్కు 1:35. యేసు ఇంకా చీకటి ఉండగానే లేచి అరణ్యానికి వెళ్లి ప్రార్థించాడు. నిజమే. కానీ మత్తయి 14లో ఆయన జనాన్ని పంపించేశాక సాయంకాలం కొండెక్కాడు. లూకా 6లో రాత్రంతా ప్రార్థనలో గడిపాడు. మార్కు 4కి వస్తే, తుపాను రేగినా తెలియకుండా పడవ వెనక భాగంలో తలగడ మీద నిద్రపోయాడు. ఎప్పుడు వీలైతే అప్పుడు తండ్రి దగ్గరికి వెళ్లాడు, ఒళ్లు అలిసినప్పుడు పడుకున్నాడు. మీ అమ్మ 4 గంటలకు లేచిందంటే రాత్రి పెందలాడే పడుకుంది గనక లేచింది. ఆవిడ భక్తిని తక్కువ చేయడం లేదు. ఆవిడ టైమ్‌టేబుల్ నీది కాదంటున్నాను, అంతే.

నీలాంటి వాళ్లకి నేను యోహాను 21వ అధ్యాయం చదవమంటాను. యేసు శిష్యుడు పేతురు, ఇంకో ఆరుగురు రాత్రంతా వల వేశారు. ఒక్క చేప పడలేదు. అదీ ఒక నైట్ డ్యూటీయే. తెల్లవారేసరికి యేసు ఒడ్డున నిలబడి ఉన్నాడు, ఆయనని వాళ్లు గుర్తుపట్టనైనా లేదు. ఒడ్డుకొచ్చి చూస్తే నిప్పులున్నాయి, వాటి మీద చేపలున్నాయి, రొట్టె ఉంది. రాత్రి ప్రార్థన చేశారా అని ఆయన అడగలేదు. “రండి భోజనము చేయుడి” అన్నాడు. అక్కడున్న పేతురు ఎవరు? కొద్దిరోజుల కిందటే ప్రధాన యాజకుని ఇంటి ముంగిట ఇలాంటి నిప్పుల దగ్గరే చలి కాచుకుంటూ యేసెవరో తెలీదన్నవాడు. యేసుకి అతనితో మాట్లాడాల్సింది చాలా ఉంది. అయినా “నన్ను ప్రేమించుచున్నావా” అన్న ప్రశ్న వాళ్లు తిన్నాకే వచ్చింది. 15వ వచనం చూడు.

కాబట్టి నీ వేకువ పొద్దున టిఫిన్ ప్లేటు ముందు. కూర్చుని తిను, నిలబడి కాదు. తింటూ రాత్రి జరిగిందంతా ఆయనకు చెప్పు. పోయిన పేషెంటు, కసురుకున్న డాక్టరు, నువ్వు కసురుకున్న ఆయా, అన్నీ. కళ్లు మూసుకోకు, మూస్తే నిద్రే. తర్వాత వెళ్లి పడుకో. బైబిల్ లేచాక చదువు, ఒక పేరా చదివినా మెలకువతో చదువు.

డ్యూటీ ఎక్కే ముందు 134వ కీర్తన చదువుకోవచ్చు. మూడే వచనాలు. “యెహోవా మందిరములో రాత్రి నిలుచుండువారలారా” అని పిలిచి మరీ సన్నుతించమంటుంది. రాత్రి పని చేసేవాళ్ల కోసం ఒక కీర్తన ఉందని మన సంఘాల్లో చాలామందికి గుర్తుండదు, పగలు కూడుకునేవాళ్లం కదా. ఐడీ కార్డు వెనక రాసి పెట్టుకో.

17వ శతాబ్దంలో పారిస్‌లో బ్రదర్ లారెన్స్ అనే మఠవాసి ఉండేవాడు. ఆయనది వంటింటి పని, తర్వాత చెప్పులు బాగుచేసే పని. వంటింటి గోలలో నలుగురూ నాలుగు అడుగుతున్నా, మోకాళ్ల మీద ఉన్నప్పటంత నెమ్మదిగా దేవునితో ఉంటాననేవాడు. ఈ సంగతి చెప్పి ‘పనే ప్రార్థన, వేరే ప్రార్థన ఎందుకు’ అనేవాళ్లున్నారు. నేనొప్పుకోను. ఆయన మొదట్లో ఏళ్ల తరబడి మనసులో నలిగిపోయాడు, మఠం పెట్టిన ప్రార్థన వేళలు మానలేదు. మనసు పక్కకు పోయినప్పుడు తనని తాను తిట్టుకోకుండా మెల్లగా వెనక్కి తెచ్చుకునేవాడు. మనం నేర్చుకోవాల్సింది అది.

ఐసీయూలో అది ఎలాగంటావా? ఒక్కో బెడ్ దగ్గరికి వెళ్లే ముందు చేతులకు శానిటైజర్ రాసి 20, 30 సెకన్లు రుద్దుకుంటావుగా. ఆ కాసేపు ఆ పేషెంటు పేరు ప్రభువుకి చెప్పు. పేరే చాలు, ఆయనకి కేస్ షీటు అక్కర్లేదు. పైకి మాత్రం అనకు. వాళ్లు ఏ మతమైనా కావచ్చు, అడక్కుండా మంచం పక్కన గట్టిగా ప్రార్థించడం మర్యాద కాదు.

ఫోన్ ప్రసంగాల విషయానికొస్తే, రోజూ మూడు వినడం కన్నా వారానికి ఒకటి శ్రద్ధగా విను. వంట చేసేటప్పుడు ఫోన్ ఆపి, చిన్నప్పుడు సండే స్కూల్లో నేర్చుకున్న పాటేదైనా నువ్వే పాడుకో. గొంతు ఎలా ఉన్నా పోపు చప్పుడులో కలిసిపోతుంది.

దూరమయ్యాడేమో అన్న భయం గురించి. నిద్ర లేనివాళ్లకి అన్నం రుచి కూడా తెలీదు, కానీ కంచంలో అన్నం ఉంటుంది. “ఇశ్రాయేలును కాపాడువాడు కునుకడు నిద్రపోడు” అని 121వ కీర్తన. ఆ డ్యూటీ ఆయనది, నీది కాదు. అయితే ఒకటి, వారాల తరబడి ఊరికే ఏడుపు రావడం, దేని మీదా మనసు లేకపోవడం ఉంటే డాక్టరుకి చూపించుకో. నర్సులం మనమే ఈ విషయంలో బద్ధకిస్తాం.

ఒక్కదాని దగ్గర మాత్రం నేను మొండిగా ఉంటాను. ప్రభువు బల్ల, అదే రొట్టె, ద్రాక్షరసం తీసుకునే సంస్కారం, వదులుకోకు. మీ సంఘంలో ఏ ఆదివారం సంస్కారం ఇస్తారో చూసుకుని, రోస్టర్ వేయకముందే ఇన్‌ఛార్జి సిస్టర్‌ని ఆ ఒక్క పూట అడుగు. బదులుగా పండగ రోజు డ్యూటీ చేస్తానంటే సాధారణంగా ఒప్పుకుంటారు. అదీ కుదరకపోతే ఇంటికొచ్చి ఇవ్వమని పాస్టరుగారిని అడుగు. మంచాన పడ్డవాళ్లకి ఇస్తున్నారుగా, మందులిచ్చేవాళ్లకి ఇవ్వడానికేం?

అత్తగారితో వాదించకు. వేకువ ప్రార్థన ఆవిడకే అప్పజెప్పు. నువ్వు ఆసుపత్రిలో ఉన్న రాత్రుల్లో తెల్లారి, ఇంట్లో పిల్లలుంటే వాళ్లని లేపి, పక్కన కూర్చోబెట్టుకుని ప్రార్థన చేయించమని, నీ డ్యూటీ కోసం కూడా ప్రార్థించమని అడుగు. ఆవిడకి చదవడం వస్తే ఈ పేజీ చేతికివ్వు. ఉపవాసం గురించి రాసిన ముక్క ముందు చూపించు.