సమాధానం: రక్తకణాల పరీక్షలో మాత్రమే కనిపిస్తున్న హెచ్ఐవీ నిరోధం గురించి

మీ ప్రోటీన్ నమూనా పీబీఎంసీ కణాలలో (రక్తం నుంచి వేరుచేసిన తెల్లకణాలలో) హెచ్ఐవీని గట్టిగా అడ్డుకుంటోందని, హెచ్ఐవీ పరీక్షలకు ప్రయోగశాలలో పెంచే టీజెడ్ఎం-బీఎల్ కణాలలో మాత్రం ఏ ప్రభావమూ చూపడం లేదని, కల్చర్‌లో బ్యాక్టీరియా జాడ లేదని రాశారు. నేనైతే ముందుగా, బ్యాక్టీరియా బయటి పొర నుంచి వచ్చే విషపదార్థమైన ఎండోటాక్సిన్‌నే అనుమానిస్తాను.

బ్యాక్టీరియా పెరుగుతూ ఉంటే కణాలను పెంచే ద్రవ మాధ్యమం మసకబారి, గులాబీ రంగు పసుపులోకి తిరుగుతుంది కనుక దాన్ని కంటితోనే పట్టుకోవచ్చు. కానీ ఈ.కోలై బ్యాక్టీరియాలో తయారుచేసిన ప్రోటీన్‌తో పాటు వచ్చే లిపోపాలీశాకరైడ్ (ఎండోటాక్సిన్ అంటే ఇదే) కంటికి కనిపించదు, 0.22 మైక్రాన్ ఫిల్టర్ దాన్ని ఆపలేదు, మామూలు ఆటోక్లేవ్ వేడికీ అది నశించదు. పీబీఎంసీలోని మోనోసైట్లు అనే తెల్లకణాలు దాన్ని గుర్తించగానే రాంటెస్, మిప్-1 ఆల్ఫా, మిప్-1 బీటా వంటి కీమోకైన్లను, అంటే కణాల మధ్య సంకేతాలిచ్చే చిన్న ప్రోటీన్లను, విడుదల చేస్తాయి. అవి కణంలోకి వెళ్లడానికి వైరస్ వాడుకునే సీసీఆర్5 గ్రాహకాన్ని ఆక్రమించడంతో వైరస్‌కు కణంలోకి దారి మూసుకుపోతుంది. అంటే వైరస్‌ను ఆపినది మీ ప్రోటీన్ కాకపోవచ్చు. టీజెడ్ఎం-బీఎల్ హీలా అనే క్యాన్సర్ కణాల నుంచి వచ్చిన కణశ్రేణి, అందులో మోనోసైట్లు లేవు కాబట్టి అక్కడ ఆ ప్రభావం కనిపించకపోవడం సహజమే.

లాల్ (ఎల్ఏఎల్) అనే ప్రయోగశాల పరీక్షతో ఎండోటాక్సిన్‌ను కొలవండి. తరువాత అంతే మోతాదు శుద్ధ లిపోపాలీశాకరైడ్‌ను ఒంటరిగానూ, మీ నమూనాను, ఎండోటాక్సిన్‌కు అంటుకుని దాన్ని పనిచేయనివ్వని పాలీమిక్సిన్ బీ కలిపీ కలపకుండానూ పరీక్ష పళ్లెంలోని పక్కపక్క బావుల్లో నడపండి. పాలీమిక్సిన్ కలిపిన చోట నిరోధం తగ్గిపోతే అనుమానం బలపడుతుంది. కణాలు బతికే ఉన్నాయో లేదో కూడా తప్పక చూడండి, ఎందుకంటే చచ్చిన కణాలలో తగ్గిన వైరస్ కూడా నిరోధంలాగే కనిపిస్తుంది. ఈ ఫలితాలు వచ్చేవరకు దయచేసి ఆ అంకెలను ఎక్కడా ప్రకటించకండి.